పట్టు, విడుపు, హాప్‌కిడో

"హాప్‌కిడో నేర్చుకుంటున్నా" అని చెప్తే ఎవరైనా మొదట అడిగేది "అంటే తైక్వాండో లాంటిదా?" అని. రెండో ప్రశ్న "బ్లాక్ బెల్టు ఎప్పుడొస్తుంది?" అని. మొదటిదానికి జవాబు చెప్తాను, రెండోది వదిలెయ్యండి.

ఉద్యోగరీత్యా దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఉంటున్నాను. పొద్దంతా కోడ్‌తో కుస్తీ పట్టి, సాయంత్రం ఇంకో కుస్తీకి దోజాంగ్‌కి (మన వ్యాయామశాల అనుకోండి) వెళ్ళడం మొదలై ఏడాదిన్నర అయింది. క్లాసులో సగానికి పైగా స్కూలు పిల్లలే. వాళ్ళు బంతుల్లా దొర్లుతారు, నేను బియ్యం బస్తాలా పడతాను.

ముందు కాస్త చరిత్ర. హాప్‌కిడో అన్న పేరుని చైనా అక్షరాల్లో రాసి జపాన్ వాళ్ళకి చూపిస్తే "ఐకిడో" అని చదువుతారు. పేరొక్కటే కాదు, చుట్టరికం కూడా ఉందంటారు. చోయ్ యోంగ్ సుల్ అనే ఆయన చిన్నప్పుడే జపాన్ వెళ్ళి, 1946లో కొరియాకి తిరిగొచ్చి దేగూలో స్థిరపడ్డాడు. దైతో ర్యూ అనే విద్యని తకేదా సొకాకు దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. ఐకిడో స్థాపించిన ఉఎషిబా కూడా ఆ తకేదా శిష్యుడే. కాకపోతే ఉఎషిబా శిష్యరికానికి రాతపూర్వక ఆధారాలున్నాయి, చోయ్ విషయంలో ఆయన మాటే ఆధారం. తర్వాత జీ హాన్ జే లాంటివాళ్ళు ఈ కీళ్ళపట్లకి రకరకాల తన్నులు కూడా జోడించి ప్రచారం చేశారు. బ్రూస్ లీ 'గేమ్ ఆఫ్ డెత్' చూసినవాళ్ళు జీ హాన్ జేని చూసే ఉంటారు, అందులో బ్రూస్ లీతో తలపడే వాళ్ళలో ఈయనొకడు.

మొత్తానికి తైక్వాండోలో కాళ్ళకి పెద్దపీట, జూడోలో ఎత్తి పడెయ్యడానికి, ఐకిడోలో మెలిపెట్టి దారి మళ్ళించడానికి. హాప్‌కిడోలో ఈ మూడూ తలా కొంచెం ఉంటాయి. బలమూ అదే, బలహీనతా అదే.

ఒక ఉదాహరణ. ఎవడో మీ మణికట్టు పట్టుకున్నాడు. వెంటనే చెయ్యి వెనక్కి గుంజుతాం కదా? అది వాడి బలంతో నేరుగా పోటీ. ఎంత గట్టి పట్టుకైనా బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య ఉన్న సందే బలహీనమైన చోటు. మణికట్టు సన్నటి అంచుని ఆ సందులోకి తిప్పి, మోచేతిని ముందుకి తోస్తే ఊడొస్తుంది. స్కూల్లో చదివిన లీవరు సూత్రమే. మొదటిసారి పనిచేసినప్పుడు భలే సంబరమేసింది.

కానీ ఇక్కడే ఒక తిరకాసుంది. క్లాసులో నా చెయ్యి పట్టుకునేవాడికి నేనేం చెయ్యబోతున్నానో ముందే తెలుసు. పట్టుకుని బుద్ధిగా నిలబడతాడు, మెలిపెడితే పడతాడు. టెస్టింగ్‌లో పాసై ప్రొడక్షన్‌లో కుప్పకూలే కోడ్ ఎంతమంది చూళ్ళేదు? జూడోలో ఈ బాధ తక్కువ. కానో జిగోరో 1882లో మొదలుపెట్టిన ఆ పద్ధతిలో రందోరి అని ఉంటుంది. అవతలివాడు నీకు లొంగడు సరికదా, నిన్నే పడెయ్యాలని చూస్తాడు. 1993లో మొదటి యూఎఫ్‌సీ పోటీలో రాయ్స్ గ్రేసీ తనకన్నా బరువైన వాళ్ళని ఓడించి గెలిచింది కూడా ఇలా ఎదురుతిరిగే మనిషితో చేసిన సాధన వల్లే అని నా అభిప్రాయం. విద్య పేరు కన్నా సాధన చేసే తీరు ముఖ్యం. గట్టు మీద కూర్చుని ఈత రాదు.

ఇదంతా ఎందుకు ఆలోచించాల్సొచ్చిందంటే, హైదరాబాదులో పనిచేసే మా చెల్లి మొన్న ఫోన్లో అడిగింది. "అన్నయ్యా, షిఫ్టు అయ్యాక రాత్రి పదకొండింటికి ఒక్కదాన్నే వస్తుంటే భయమేస్తోంది. నువ్వు నేర్చుకునేదేదో నేనూ నేర్చుకుంటే పనికొస్తుందా?"

నా గురించైతే ఏదో ఒకటి చెప్పి నవ్వేసేవాణ్ణి. దీనికి అలా చెప్పలేను కదా. "తప్పకుండా నేర్చుకో. కానీ నెల్రోజుల్లో నేర్చుకున్న మెలికని నమ్ముకుని ఎవడితోనూ తలపడొద్దు. చెయ్యి విడిపించుకోవడం నేర్చుకునేది పరిగెత్తడానికే, అక్కడే నిలబడి కొట్టడానికి కాదు. గట్టిగా అరువు, జనం ఉన్నవైపు పరిగెత్తు. ఇంకో మాట, రాత్రి షిఫ్టుకి ఇంటిదాకా క్యాబ్ పంపమని మీ ఆఫీసులో గట్టిగా అడుగు. అది కరాటే కన్నా ముందు" అన్నాను. "ఇంత నేర్చుకుని చెప్పేది ఇదా!" అంది. ఇదే.

మరి నేనెందుకు మానలేదంటే, పడటం నేర్పారు కాబట్టి. మొదటి రెండు నెలలూ అదే పని: ముందుకి, వెనక్కి, పక్కకి. గడ్డం గుండెకి ఆనించి, తల నేలకి తగలకుండా, అరచేత్తో నేలని చరుస్తూ పడాలి. ఇక్కడి చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టి అద్దంలా ఉంటుంది. మొన్న జనవరిలో కాలు జారితే ఒళ్ళు దానంతటదే పక్కకి తిరిగి పడింది. దులుపుకుని ఆఫీసుకెళ్ళిపోయాను. ఏడాదిన్నరలో నన్నెవడూ కొట్టడానికి రాలేదు గానీ, నేల మాత్రం వచ్చింది.

మీలో ఎవరైనా చేరాలనుకుంటే, పేరు చూసి చేరకండి. ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. అవతలివాడు ఎప్పుడైనా నిజంగా ఎదురుతిరుగుతున్నాడా? పడటం నేర్పుతున్నారా? రెండింటికీ అవునని జవాబొస్తే, అది కరాటే అయినా కుస్తీ అయినా ఫీజు కట్టెయ్యండి.