నాన్న పంచెకో నూలుపోగు

చిరుగు చిన్నదే. రూపాయి బిళ్లంత. కానీ పంచె విప్పి మంచమ్మీద పరిచాక మాస్టారికి అదొక్కటే కనిపించింది.

కొన్నేళ్ల కిందటి మాట. విజయనగరంలో ఆ రిటైర్డు లెక్కల మాస్టారింట్లో పెళ్లి హడావుడి. ఒక్కగానొక్క కూతురి పెళ్లికి పట్టుపంచె కట్టుకోమని భార్య పోరు. ఆయనేమో నాన్న పంచె కట్టుకుంటానని పట్టు. ఆ పెద్దాయన ఖద్దరు తప్ప కట్టి ఎరగడు. ముగ్గురు ఆడపిల్లలకీ కన్యాదానం చేసింది ఈ పొందూరు పంచెతోనే. ఆయన పోయాక దాన్ని ట్రంకుపెట్టెలో దాచారు. తుప్పు పట్టిన పెట్టె అంచుకి ఎప్పుడు తగులుకుందో ఏమో, సరిగ్గా ముందు కుచ్చిళ్లు వచ్చే చోట చిరిగింది. పెళ్లి ఇంకా ఇరవై రోజులుంది.

రఫ్ఫు చేయిస్తే సరిపోతుందనుకున్నారు మాస్టారు. గంటస్తంభం దగ్గర్లో పాతికేళ్లుగా రఫ్ఫు చేస్తున్నాయన పంచెని వెలుతురుకి ఎత్తి చూశాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. ‘‘చెయ్యొచ్చు మాస్టారూ. దారమే లేదు’’ అన్నాడు.

అంత పెద్ద బజారులో దారం లేకపోవడమేంటి? మిషను రీళ్లు చూపించాడు. పోగుల్ని కలిపి పురి పెట్టిన దారమది. పంచె పోగు పక్కన పెడితే తాడులా ఉంది. పోనీ, ఆ పోగునే విడదీస్తే? సన్నబడింది గానీ సూదిలోకి ఎక్కించేలోపే తెగింది. మాస్టారు ఊరుకోలేదు. తెలిసిన నేతపని వాళ్ల ద్వారా నూరో నంబరు మిల్లు నూలు సంపాదించారు. లెక్క ప్రకారం అది సరిపోవాలి. 840 గజాల నూలుని ఒక చిలప అంటారు. ఒక పౌను బరువుకి అలాంటి చిలపలు నూరు తూగితే నూరో నంబరు. అంటే 84 వేల గజాలు! కాగితం తీసి గుణించుకున్నారు కూడా. గ్రాము నూలు సాగదీస్తే దాదాపు 170 మీటర్లు. పొందూరు సన్న ఖాదీకి వాడేది 100 నుంచి 120 నంబరు నూలే కదా!

రఫ్ఫు ఆయన నాలుగు పోగులు ఎక్కించి సూది ఆపేశాడు. సన్నదనం కుదిరింది. కానీ మిల్లు పోగు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా, గీత గీసినట్టుంది. చేత్తో వడికిన పోగు అలా ఉండదు. ఓ చోట కాస్త బొద్దు, ఓ చోట మరీ పలచన. పైగా పంచెది మీగడ రంగు, మిల్లుదేమో తెల్లటి తెలుపు. ఆ నాలుగు పోగులూ మళ్లీ జాగ్రత్తగా పీకేసి, ‘‘పొందూరెళ్లండి మాస్టారూ’’ అన్నాడు.

పాసింజరు రైలు ఎక్కితే నెల్లిమర్ల, చీపురుపల్లి దాటాక వస్తుంది పొందూరు. చీకాకోలు అని శ్రీకాకుళాన్ని పిలిచిన రోజుల్లో, 1921లోనే గాంధీజీ తన ‘యంగ్ ఇండియా’లో ఈ ప్రాంతపు సన్న నూలు గురించి రాశారు. 1949లో ఇక్కడ ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. అక్కినేని నాగేశ్వరరావు ముచ్చటపడి కట్టుకున్నదీ ఈ ఊరి పంచెలే.

వాకబు చేస్తే ఓ ముసలమ్మ ఇల్లు చూపించారు. అరుగు మీద కొండపత్తి ముందేసుకుని కూర్చుని ఉందామె. చేతిలో ఉన్నది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ! గోదావరి వైపు నుంచి తెప్పిస్తారట. గింజ చుట్టూ ఉన్న పత్తిని, గింజ తీయకుండానే, ఆ సన్నటి పళ్లతో దువ్వుతారు. పొట్టి పీచూ చెత్తా పళ్లకి చిక్కుకుపోతాయి. దారంతో చేపలు పట్టడం అందరికీ తెలుసు, ఇక్కడ చేపతో దారం తీస్తారు. ఆ తర్వాత చెక్క మీద ఇనప పుల్లతో గింజ వేరుచేసి, చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. అప్పుడు రాట్నం. ఇదంతా చేస్తే వచ్చేది ఓ పోగు!

మాస్టారు పంచె చేతిలో పెట్టి సంగతి చెప్పారు. ఆమె కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చూడ్డం కన్నా తడమడమే ఎక్కువ.

‘‘మంచి సెయ్యి బాబూ... ఎవలు వొడికినారో ఏటో. ఇప్పుడు నేదు’’ అంది.

‘‘లేదంటే? మీరు వడుకుతున్నారు కదమ్మా.’’

‘‘నాను వొడుకుతాను. అయితే మాత్రం ఇది కొత్త నూలు బాబూ. మీ గుడ్డ ఎన్నిసార్లు ఉతికినదో! కొత్త పోగెడితే గట్టిగుండి పాతదాన్ని నాగేత్తాది. పక్కన ఇంకోసోట సిరుగుద్ది.’’

మాస్టారి ముఖం చిన్నబోయింది. దారం కోసం ఇంత దూరం వస్తే, దారం ఉన్న చోట కూడా దారం లేదన్నమాట. ఆమె మాత్రం పంచెని చివరిదాకా తిప్పి, కొస దగ్గర గోటితో ఓ అడ్డపోగుని పైకి లేపింది. మెల్లగా లాగింది. తెగకుండా, పంచె వెడల్పంతా వచ్చింది. ‘‘దీనికి దీని నూలే’’ అంది. ఇంకో మూడు లాగి, చీపురుపుల్లకి చుట్టి ఇచ్చింది. అరవై దాటిన మనిషికి అంతసేపూ ఆ విషయం తట్టనే లేదు!

డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. ‘‘నానేటి వొడికేను?’’ అంది. ఇంట్లో ఇంకెవరైనా వడుకుతారా అని అడిగారాయన. కోడలికి ఓపిక లేదంది. మనవరాలు విశాఖపట్నంలో బట్టల షాపులో చేస్తోందట. రోజంతా వడికితే వచ్చే కూలి కన్నా అదే నయమని తనే పంపించిందట. అది చెబుతున్నప్పుడూ ఆమె చేతిలో దవడ ఆగలేదు. వచ్చేటప్పుడు మాత్రం వేరే పుల్లకి తను వడికిన నూలు మూరెడు చుట్టి ఇచ్చింది. దేనికని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

రఫ్ఫు ఆయనకి రెండు పూటలు పట్టింది. నిలువుకి కొన్ని, అడ్డానికి కొన్ని. ఒకదాని కింద నుంచి ఒకటి దూర్చి, తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చాడు. చోటు తెలిసిన మాస్టారు కూడా వేలితో వెతుక్కోవాల్సి వచ్చింది.

పెళ్లిలో కాళ్లు కడిగేటప్పుడు అల్లుడి చూపు పంచె మీద పడింది గానీ, చిరుగు మీద కాదు. ఎక్కడ కొన్నారు మామయ్యగారూ అని అడిగాడంతే.

అప్పగింతలయ్యాక పంచె ఉతికి మడతపెడుతూ, మళ్లీ చిరిగితే ఏం చేస్తారని అడిగింది మాస్టారి భార్య. ఈసారి పెట్టె లోపలి అంచుకి పాత దుప్పటి ముక్క అంటించారాయన. ముసలమ్మ ఇచ్చిన నూలు చుట్టిన పుల్లని పంచె మడతలో పెట్టారు.

‘‘రెండో కొస అలాగే ఉంది కదా’’ అన్నారు.