నర్సీపట్నమునుండి నరసాపురమునకు: లేసు అల్లికలోని చిక్కులు

నర్సీపట్నము మైదానమునకును మన్యమునకును నడుమ వాకిలివంటి యూరు. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 సంవత్సరమున నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. చింతపల్లికి గాని లంబసింగికి గాని పోవువారు మా యూరి మీదుగా పోవుట పరిపాటి. ఊరి చేరువనున్న బలిఘట్టమున వరాహనది ఉత్తరముఖముగా ప్రవహించును గనుక అచ్చటి బ్రహ్మలింగేశ్వరుని దర్శించుటకు శివరాత్రినాడు జనము విశేషముగా వచ్చుదురు. ఆ నదియే దిగువకు పోయి ఏటికొప్పాక చెంత ప్రవహించుచున్నది. ఏటికొప్పాక లక్కబొమ్మలను గూర్చి మన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు; 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. మా ప్రాంతమువారికి చేతిపని యన్న నేమో తెలియదనుటకు వీలులేదని చెప్పుటకే యింత వ్రాసితిమి. అయినను లేసు అల్లిక మాత్రము మాకు పొరుగింటి విద్యయే.

పుష్యమాసపు చలిలో లంబసింగి మంచును చూడబోవువారు ఉన్నిటోపీలు, శాలువలు బేరమాడుచుండగా చూచి, మా వీథిలోని యాడువారికి అల్లికమీదికి మనసు పోయినది. భోజనములై, అంట్లు తోముకొని, పిల్లలు బడినుండి వచ్చులోపల దొరకు రెండు గంటల కాలమున ఏడెనిమిదిమంది మా యరుగుమీద చేరి కొక్కెపు సూదులు చేతబట్టిరి. ఫోనులో బొమ్మలు చూచి నేర్చుకొనువారు కొందరు, పాత పుస్తకము ముందు పెట్టుకొనువారు కొందరు. నెల తిరుగునప్పటికి, చదరముగ నారంభించిన బల్లగుడ్డ చేట యాకారమున తేలినది. గుండ్రముగ నారంభించినది మూకుడైనది. మఱియొకటి చీర కుచ్చెళ్లవలె మడతలు పడి, ఎట్లు పరచినను లేచి నిలుచుచుండెను. తమ చేతికి ఈ విద్య రాదని యిద్దరు సూదులను పెట్టెలో దాచివేసిరి. క్రొత్తగా కాపురమునకు వచ్చిన యొక కోడలుపిల్ల మాత్రము వేరొక ప్రశ్న వేసెను: పని చక్కగా కుదిరినచో దీనివలన తన చేతిఖర్చుకైనను నాలుగు రూకలు వచ్చునా యని. పగలెల్ల దారముతో ఆటలేమని యింటిలో అడుగుచున్నారట.

ఈ రెంటికిని సమాధానము దొరకు చోటు నరసాపురమే. ఆ వంకరగుడ్డల నన్నిటిని ఒక సంచిలో వేసికొని, రోగిని వైద్యునియొద్దకు కొనిపోవునట్లు బయలుదేరితిమి.

నర్సీపట్నము, నరసాపురము అను పేర్లు రెండును వినుట కొక్కటిగానే యుండును గాని, నడుమ మూడు నాలుగు జిల్లాల దూరమున్నది. ఈ రెంటికిని సంబంధము గల మహాపురుషు డొక్కడు కలడు. అల్లూరి సీతారామరాజు నరసాపురమున పినతండ్రిగారింట నుండి టైలరు ఉన్నత పాఠశాలలో కొంతకాలము చదివెను. ఆయన సమాధి మా వైపునున్న కృష్ణదేవిపేటలో నున్నది. తునివరకు బస్సులో వచ్చి రైలెక్కిన తరువాత మాకు ఈ సంగతియే మనసున మెదలుచుండెను. రాజమహేంద్రవరముకడ గోదావరి దాటి, నిడదవోలు, తణుకు, భీమవరము, పాలకొల్లు మీదుగా పోయితిమి. మా కొండలు చూచిన కన్నులకు ఆ డెల్టాదేశము పరచిన పచ్చని దుప్పటివలె తోచినది. రైలుబండి నరసాపురమున నాగిపోవును. ఆవల వశిష్ఠ గోదావరి, దాని కావల సముద్రము.

ఇచ్చటి లేసుపని పుట్టుకకు 1844 ప్రాంతమును చెప్పుదురు. స్కాట్లండునుండి వచ్చిన మక్రే అను క్రైస్తవ బోధకుడును ఆయన భార్యయు ఇచ్చటి స్త్రీలకు నేర్పిరట. ఆ దినములలోనే ఐర్లండులో ఉర్లగడ్డ పంటపోయి కఱవు వచ్చినపుడు, మఠములలోని సన్యాసినులు బీదస్త్రీలకు ఈ యల్లికనే నేర్పి వారి కడుపు నింపజూచిరి. క్రోషే యనగా ఫ్రెంచిభాషలో చిన్న కొక్కెము. కొక్కెమొకటి, దారమొకటి, ఇంతే సరంజామా. మగ్గము అక్కరలేదు, గుంట అక్కరలేదు. అందుచేతనే ఇది పేదయింటి పంచలోనికిని, గోషాయింటి గదిలోనికిని సమానముగా ప్రవేశింపగలిగినది. నరసాపురము చుట్టుపట్ల కాపుల యిండ్లలోను, క్రైస్తవుల యిండ్లలోను తల్లినుండి కూతురునకు వచ్చుచున్నది. 2024లో దీనికిని భౌగోళిక గుర్తింపు వచ్చినది. రుస్తుంబాదలో లేసు వ్యాపారమునకై ప్రత్యేకముగ ఒక కేంద్రము కట్టబడియున్నది.

మేము చూడదలచినది కేంద్రమును గాదు, చేతులను. ఊరికి కొంచెము ఎడముగా నున్న యొక పల్లెలో, తెలిసినవారిద్వారా, అరువదియేండ్లు దాటిన యొక పెద్దమ్మయొద్దకు పోయితిమి. ఆమె మా సంచి విప్పి, ఒక్కొక్క గుడ్డను వెలుతురునకు పట్టి చూచి, నవ్వలేదు. అదియే మాకు మొదటి ధైర్యము.

చేటవంటి గుడ్డను ముందుగ తీసెను. దానిలో రెండు రోగములున్నవని చెప్పెను. ఒకటి, మొదటి గొలుసు బిగువు. మొదలిడువారు భయముచేత దారమును బిగించి లాగుదురు. పునాదిగొలుసు పొట్టిదై, దానిపై వచ్చు వరుసలు వదులై, గుడ్డ అడుగున విల్లువలె వంగును. దారము కన్ను ఎప్పుడును సూదియొక్క మెడయందు గాక, దాని క్రిందనున్న లావుపాటి కాడపై నిలువవలెను. కన్నుల పరిమాణమును నిర్ణయించునది ఆ కాడయే. అప్పటికిని చేయి వదులు కానిచో పునాదిగొలుసును మాత్రము ఒక యంకె లావైన సూదితో అల్లి, పిదప అసలు సూదిని పట్టుకొనవలెనట. "చెయ్యి కోపంగా ఉందమ్మా, కోపం తగ్గితే గొలుసు అదే సాగుతుంది" అని ఆమె యనెను.

రెండవ రోగము అంచులది. ఇది మా వీథిలో అందరిని ఏడిపించినది గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము. పొడుగు కుట్టుతో అల్లునపుడు వరుస చివర మూడు గొలుసులు వేసి గుడ్డను త్రిప్పుదుము గదా. ఆ మూడు గొలుసులే క్రొత్త వరుసలో మొదటి కుట్టుగా లెక్కకు వచ్చును. కావున వాని అడుగుననున్న కన్నును విడిచి, రెండవ కన్నునుండి అల్లవలెను. అట్లే వరుస చివర, వెనుకటి వరుసలోని ఆ మూడు గొలుసుల తలపై ఒక కుట్టు వేయవలెను. ఈ తలను గుర్తింపక విడిచినవారికి వరుసకొక కుట్టు తరిగి గుడ్డ సన్నగిలును. అడుగు కన్నులోకూడ కుట్టు వేసినవారికి వరుసకొక కుట్టు పెరిగి గుడ్డ వెడలుపగును. చేట యనునది ఇట్లు పుట్టినది. దీనికి మందు ఒక్కటే: ప్రతి వరుస ముగియగానే లెక్క. మొదటి కుట్టునకును చివరి కుట్టునకును రంగుదారపు ముక్కలు కట్టుకొన్నచో కన్ను మోసపోదు. పండ్రెండేండ్ల పిల్లయొకతె మా యెదుట సూది ఆపకయే పెదవులతో లెక్కించుచుండెను. మాటలాడించినను లెక్క తప్పలేదు.

మూకుడును, కుచ్చెళ్లును ఒకే జబ్బుయొక్క రెండు ముఖములు. గుండ్రని యల్లిక సమముగా పరచుకొనవలెనన్న, ప్రతి చుట్టులోను ఇన్ని కుట్లు పెరుగవలెనని నియమమున్నది. పొట్టి కుట్టుతో అల్లిన చుట్టున కాఱు. అమెరికావారు డబుల్ క్రోషే యను పొడుగు కుట్టుతో అల్లిన చుట్టునకు పండ్రెండు. పండ్రెండు కుట్లతో మొదలిడిన రెండవ చుట్టు ఇరువదినాలుగు, మూడవది ముప్పదియాఱు కావలెను. తక్కువ పెరిగిన అంచు లోనికి లాగి మూకుడగును. ఎక్కువ పెరిగిన చోటు చాలక మడతలు పడును. ముగ్గులో చుక్కల లెక్క తప్పినచో గీత కలియనట్లే యిదియును. సంక్రాంతిముగ్గు తప్పులేక వేయు మన స్త్రీలకు ఈ లెక్క యెంత? నడుమ బెజ్జము పెద్దదిగా కనబడుచో, గొలుసుతో ఉంగరము కట్టుటకు బదులు దారమునే వ్రేలికి చుట్టి, ఆ వలయములో మొదటి చుట్టు అల్లి, కొస లాగిన నది మూసికొనును. ఆ కొసను సూదితో కుట్లలోనికి వెనుకకును ముందునకును దూర్చి దాచవలెను. లేనిచో రెండు ఉదుకులకే బెజ్జము మరల తెఱచుకొనును.

పుస్తకము చూచి అల్లినవాని సంగతి వేరు. ఇంగ్లీషువారు డబుల్ క్రోషే యనునదానినే అమెరికావారు సింగిల్ క్రోషే యందురు. ఇంగ్లీషువారి ట్రెబుల్, అమెరికావారి డబుల్. ఈ భేదము నెఱుగనివారు వ్రాసినట్లే అల్లియు, బొమ్మలోనిదానికన్న పొడుగో పొట్టియో అయిన గుడ్డను చూచి తమ్ము నిందించుకొందురు. పుస్తకము ఏ దేశపుదో ముందు చూడవలెను. దారపు అంకె పెరిగిన కొలది దారము సన్నము. 40 అంకె నూలు లేతచేతికి కష్టము. 20 అంకెతో మొదలిడుట మేలు. ఉక్కుసూదులయందును అంకె పెరిగిన కొలది సూది సన్నమగును. దారము పోగులుగా చీలుచున్నచో సూది కొక్కెము మరీ వాడియైనదనియో, దారమునకు సూది సరిపోలేదనియో గ్రహింపవలెను.

తప్పు కనబడినపుడు విప్పుటకు వెనుదీయరాదని ఆ పెద్దమ్మ మఱిమఱి చెప్పెను. రెండు సూదుల ఉన్ని అల్లికలో జాఱినచో వరుసనున్న కన్నులన్నియు జాఱునేమో యను భయముండును. ఇచ్చట సూదిపై నుండునది ఒక్కటే కన్ను. తప్పిన చోటివరకు లాగి, ఆ యొక్క కన్నును పట్టుకొని మరల నడువవచ్చును. ఆమె మాట్లాడుచునే మా మూకుడును ఏడు చుట్లు విప్పివేసెను. దాని నల్లిన పిల్లకు పదునాలుగు దినములు పట్టినదని మేము చెప్పలేదు.

ఈ లేసుపని పల్లెలలో ఒక్కచేతిమీద సాగునది కాదు. పూవులు అల్లువారు వేరు, వానిని కలిపి దుప్పటిగనో బల్లగుడ్డగనో కూర్చువారు వేరు. ఈ కూర్పును అతుకుపని యందురు. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కొక్క విధము గనుక, ఇద్దరి పూవులు కలిసిన చోట గుడ్డ ముడుచుకొనును. అందుచే ఒకరి పూవుల నొక మూటగా కట్టి, కొలబద్దపై పరచి చూచి, పిదపనే అతుకుదురు. మనము ఇంటిలో పెద్దగుడ్డ అల్లునపుడును మొదటి పూవును అట్టముక్కపై గీచియుంచి తక్కినవానిని దానిపై పెట్టి చూచుకొనుట మంచిది. అల్లిక ముగిసిన నూలుగుడ్డను సబ్బునీట ఉదికి, పలుచని గంజిలో ముంచి, దళమైన బట్టపై పరచి, త్రుప్పుపట్టని గుండుసూదులతో అంచులు లాగి గ్రుచ్చి, నీడన ఆరవేసిన చిన్నచిన్న వంకరలు సర్దుకొనును. ఉన్నికి గంజి పనికిరాదు.

ఇక కోడలుపిల్ల ప్రశ్న. మరియా మీస్ అను జర్మను విదుషి 1970 దశకము చివరిభాగమున ఈ ప్రాంతమున నుండి లేసు అల్లు స్త్రీల బ్రదుకును పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలవరకు అల్లినను వారికి వచ్చుచుండినది పొలములో పనిచేయు స్త్రీల కూలికన్నను తక్కువ. లోకమంతయు వారిని తీరికవేళ ప్రొద్దుపుచ్చుకొను గృహిణులనియే యనుచుండెను. అల్లినది ఐరోపాకును అమెరికాకును పోవుచుండెను. వ్యాపారము పురుషుల చేతులలో నుండెను. తీరికవేళ యను ఒక్కమాటచేత ఎనిమిది గంటల పని లెక్కకు రాకపోయినది. నేడు సహకార సంఘములును, నేరుగా అమ్ముకొను మార్గములును ఏర్పడినవి గాని, పనిని పూవుకింతయని, దారపు ఉండకింతయని కొలుచు పద్ధతి నేటికిని పోలేదు. యంత్రముపై నేసిన లేసు చవుకగా వచ్చి పడుచున్నది. నిజమైన క్రోషే అల్లికను వ్యాపారమునకు తగినట్లు చేయు యంత్రము నేటికిని లేకపోయినను, కొనువారిలో ఆ భేదము తెలిసినవారు తక్కువ.

మేమా పెద్దమ్మను, ఒక బల్లగుడ్డకు ఎన్ని గంటలు పట్టునని యడిగితిమి. ఆమె కుట్లను తడుముకొనక చెప్పెను, పూవులను చెప్పెను, ఉండలను చెప్పెను. గంటలు మాత్రము ఎన్నడును లెక్కించుకొనలేదనెను. అంతటి లెక్కలమనిషికి ఆ యొక్క లెక్కను ఎవరును నేర్పలేదు గదా యని మాకు నొచ్చినది.

కావున ఆ పిల్లకు మేము చెప్పినది యిది: పని కుదిరిన తరువాత, మొదటి గుడ్డనుండియే ఒక చీటిపై రోజుకెన్ని గంటలు అల్లినదియు వ్రాసికొనుము. దారపు ఖరీదును వేరుగ వ్రాయుము. వచ్చిన సొమ్ములో దారము తీసి, మిగిలినదానిని గంటలతో భాగించి చూడుము. ఆ యంకె మన యూరి కూలికి తక్కువయైనచో అమ్మకమునకు అల్లవలదు, నీ యింటికి అల్లుకొనుము. ఎక్కువయైనచో ఆ చీటిని ఇంటిలో చూపుము. ఆమెకును, సూదులు దాచివేసిన ఆ యిద్దరికిని నరసాపురము బజారున 20 అంకె నూలుండలు ఆఱు, సూదులు మూడు కొని తెచ్చి యిచ్చితిమి. చేటగుడ్డను మొదటి గొలుసువరకు విప్పి మరల నారంభించిరి. ఈ మారు ప్రతి వరుసకును అంచున ఎఱ్ఱదారము కట్టుచున్నారు.