తెలుగు బైబిల్లో లేని వచనం



ఈ మధ్య మన అనంతగిరి కొండల్లో సిగ్నల్ దొరికే ప్రతి గట్టు మీదా ఒక వీడియో తిరుగుతోంది. అందులో మాట్లాడే ఆయన ఒక చేతిలో ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు, మరో చేతిలో మన తెలుగు బైబిలు పట్టుకొని 1 యోహాను 5:7 చూపిస్తాడు. పరలోకంలో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు సాక్షులున్నారనీ, ఆ ముగ్గురూ ఒక్కటేననీ ఇంగ్లీషులో ఉంది. తెలుగులో 7 అనే అంకె ఉంది గాని ఆ మాటలు లేవు. "త్రిత్వానికి మీకున్న ఒక్క ఆధారమూ దొంగది. దొరికిపోతామని తీసేసి అంకెలు సర్దేశారు" అంటాడు.

విశాఖలో డిగ్రీ చదివి వచ్చిన మన యవనస్థుడొకడు రెండు నెలలు వరుసగా ప్రభు బల్లకు రాలేదు. (ఇది రాయడానికి వాడి అనుమతి తీసుకున్నాను.) నేనే వాళ్లింటికి వెళ్లాను. "అయ్యగారూ, మీరు కోప్పడనంటే ఒకటి అడుగుతాను. ఆ వచనం మన బైబిల్లో ఎందుకు లేదు?" అన్నాడు. లోపల్నుంచి వాళ్లమ్మ, "వాడి మనసు పాడైపోయింది, ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అంది. ప్రార్థన తప్పక చేశాను. కాని ముందు జవాబు చెప్పాను. అడిగినవాడికి జవాబివ్వకుండా తల మీద చెయ్యి పెడితే, వాడు తల వంచుతాడు గాని ఇంకెప్పుడూ మనల్ని ఏమీ అడగడు.

వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. వీడియోలో ఆయన చూపించింది నిజమే. ఆ మాటలు యోహాను రాసినవి కావు. సెమినరీలో డిప్లొమా చదివినప్పుడు మా గ్రీకు ఉపాధ్యాయుడు మొదటి సంవత్సరంలోనే ఈ సంగతి చెప్పారు. ఇది ఎవరూ దాచిన రహస్యం కాదు. ఈ పత్రిక ఉన్న గ్రీకు చేతిరాత ప్రతులు వందల్లో ఉన్నాయి. ఈ మాటలున్న ప్రతులు రెండు చేతుల వేళ్లకు సరిపోతాయి. అవన్నీ ఆలస్యంగా రాసినవే, కొన్నిటిలోనైతే తరువాతి చెయ్యి అంచున రాసి పెట్టింది. లాటిను ప్రతుల్లో ఎవరో వివరణగా రాసుకున్నది మెల్లగా వచనంలో కలిసిపోయినట్టు పండితులు చెబుతారు. ఎరాస్మస్ అనే పండితుడు గ్రీకు కొత్త నిబంధనను 1516లోనూ 1519లోనూ అచ్చువేసినప్పుడు ఈ మాటలు పెట్టలేదు. విమర్శలు వచ్చి, ఆ మాటలున్న ఒక గ్రీకు ప్రతిని చూపించాక 1522 ముద్రణలో చేర్చాడు. అక్కడినుంచి అవి 1611లో కింగ్ జేమ్స్ బైబిల్లోకి వచ్చాయి. 1881లో ఇంగ్లీషు పండితులే సవరించి, అందరూ చూసేలా అచ్చువేసి వాటిని తీసేశారు. మన తెలుగు బైబిలు కూడా పాత ప్రతుల దారినే నడిచింది. ఇక అంకెలంటారా, అవి యోహాను వేసినవి కావు. రోబేర్ ఎస్టియెన్ అనే అచ్చుపనివాడు 1551లో గ్రీకు కొత్త నిబంధనకు వచనాల అంకెలు వేశాడు. మధ్యలో మాటలు తీసేస్తే అంకెలు జరపక తప్పదు కదా.

"అయితే ఒకచోట కలిపినవాళ్లు అన్నిచోట్లా కలిపి ఉండరా?" అన్నాడు కుర్రాడు. అసలు భయం ఇదే.

మన ధింసా పాటలు తీసుకోండి. తల్లి పాడితే కూతురు నేర్చుకుంది, ఆ కూతురు కోడలై వేరే ఊరికి పట్టుకెళ్లింది. ఒకే పాట ఇరవై ఊళ్లలో పాడుతున్నారనుకోండి. పంతొమ్మిది ఊళ్లలో లేని చరణం ఒక్క ఊళ్లో వినబడితే, అది ఎక్కడ పుట్టిందో ముసలమ్మలు ఇట్టే పట్టేస్తారు. ఒక్క ఊళ్లోనే ఆ పాట మిగిలి ఉంటే కలిసిందేదో ఎప్పటికీ తెలిసేది కాదు. లేఖనాల సంగతీ అంతే. ఐగుప్తులో, సిరియాలో, రోములో వేరువేరు చేతులు రాసుకున్నాయి. అన్ని ప్రతులనూ ఒకచోట చేర్చి మార్చగల రాజు గాని బిషప్పు గాని ఎప్పుడూ లేడు. ఆ వీడియోలో ఆయనకు ఈ కలిపిన మాటలు దొరికాయంటే, కలపనివాళ్ల ప్రతులు అన్ని మిగిలి ఉన్నాయి కాబట్టే.

మరి త్రిత్వం? 325లో నికయలోనూ 381లో కాన్‌స్టాంటినోపుల్‌లోనూ సభలు కూడినప్పుడు, కుమారుడు సృష్టింపబడినవాడన్న అరియు బోధను ఎదిరించడానికి అతనాసియు లాంటివారు జీవితమే ధారపోశారు. ఈ వచనం వారి చేతిలో ఉంటే మొదట అదే చూపించేవారు. చూపించలేదు, ఎందుకంటే వారి గ్రీకు బైబిల్లో అది లేదు. అది లేకుండానే సంఘం ఆ విశ్వాసాన్ని ఒప్పుకొంది. మత్తయి 28:19లో ముగ్గురి పేర్లుండి నామము ఏకవచనంలో ఎందుకుందో చూడండి. యోహాను 20:28లో తోమా యేసును ఏమని పిలిచాడో, ఆయన గద్దించాడో లేదో చూడండి. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో పేతురు అననీయతో అన్న మాటల్లో, పరిశుద్ధాత్మతో ఆడిన అబద్ధం ఎవరితో ఆడినట్టు అయిందో చదవండి. వీటన్నిటితోపాటు దేవుడు ఒక్కడేనన్న ద్వితీయోపదేశకాండము 6:4 కూడా అక్కడే ఉంది. దేన్నీ వదలకుండా పట్టుకుంటే వచ్చినదే ఈ సిద్ధాంతం. త్రిత్వము అనే మాట బైబిల్లో లేదంటారు. నిజమే, లేదు. కాన్‌స్టంటైను పుట్టకముందే, మూడో శతాబ్దం మొదట్లో, తెర్తుల్లియను లాటినులో ఆ మాట వాడాడు. సంగతి లేఖనాల్లో ఉంది, పేరు తరువాత పెట్టారు.

ఇదంతా బైబిలు స్టడీలో చెప్పాలనుకుంటున్నానని ఒక పెద్ద సేవకుడికి ఫోనులో చెప్పాను. ఆయన నా మంచి కోరేవారే. "వద్దయ్యా, కొండమీద జనం అమాయకులు, చెదిరిపోతారు. కింగ్ జేమ్సే సరైనదని చెప్పి ఊరుకో" అన్నారు. ఆయన మీద గౌరవముంది గాని ఈ మాటకు ఒప్పుకోలేను. యోబు 13వ అధ్యాయం 7వ వచనం నుండి చదవండి. దేవుని తరఫున మాట్లాడుతున్నామనుకునే స్నేహితుల్ని యోబు నిలదీస్తాడు: ఆయన కోసం అబద్ధమాడతారా, ఆయన పక్షాన మోసంగా వాదిస్తారా అని. దేవుడు ఆ వాదనకు సంతోషించడు సరికదా, వారినే గద్దిస్తాడంటాడు. పైగా మన జనం అమాయకులని ఎవరన్నారు? సంతలో కాఫీ గింజల తూకం తేడా వస్తే ముందు కనిపెట్టేది మన అమ్మలే.

కుర్రాడు ఈ నెల బల్లకు వచ్చాడు. అనుమానాలన్నీ తీరాయని చెప్పను. వచ్చే ముందు రోజు రాత్రే ఇంకో ప్రశ్న పంపాడు: మార్కు 16వ అధ్యాయంలో 9 నుండి 20 వరకు ఉన్న వచనాలు పాత ప్రతులైన సినాయి, వాటికన్ ప్రతుల్లో ఎందుకు లేవని. ఇది మొదటిదానికంటే కష్టమైనది. శుక్రవారం ఉపవాస ప్రార్థన తరువాత అందరం కలిసి చూద్దాం. బైబిళ్లు తెచ్చుకోండి, వీడియో ఉన్న ఫోను కూడా తెచ్చుకోండి.