గోదావరి నల్ల ఇసుక

కాజీపేట నుంచి బల్హార్షా వెళ్ళే రైలు దారిలో పెద్దపల్లి ఉన్నది. అక్కడ దిగి బస్సు ఎక్కితే మంథని. ఇది పాత ఊరు, చూడవలసిన గుళ్ళు చాలా ఉన్నవి. కాని మనం వచ్చింది ఇసుక కోసం!

ఊరికి చేరువలోనే గోదావరి. నీరు తీసిన చోట ఇసుక మీద సన్నని నల్లచారలు కనిపిస్తాయి. సూదంటురాయిని కాగితంలో చుట్టి ఆ చారల దగ్గర పెట్టండి (పెద్దవాళ్ళు వెంట ఉంటేనే సుమా!). నల్ల రేణువులు లేచి మీసాల లాగా పట్టుకుంటాయి. తెల్ల ఇసుక కదలనైనా కదలదు. కాగితం ఎందుకంటారా? అది లేకపోతే ఆ రేణువులు రాయిని ఒక పట్టాన వదలవు.

ఈ రేణువుల పేరు మాగ్నటైట్. ఇనుమూ, ప్రాణవాయువూ కలిసిన ఖనిజం. మేకుకు పట్టే తుప్పులో ఉన్నవీ ముఖ్యంగా ఆ రెండే. కాని కలిసిన తీరు వేరు. అందుచేత తుప్పు సూదంటురాయిని అంతగా లక్ష్యపెట్టదు.

గోదావరి మహారాష్ట్రలో త్ర్యంబకం దగ్గర పుట్టింది. అక్కడి కొండలు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట భూమిని చీల్చుకు వచ్చిన లావా గడ్డకట్టగా ఏర్పడినవి. ఆ నల్లరాయి అరిగి, అందులోని మాగ్నటైట్ వరదలో ఇంతదూరం వచ్చింది.

మంథనికి ఎగువన గోదావరిఖని బొగ్గు గనులూ, రామగుండం విద్యుత్కేంద్రమూ ఉన్నవి. అక్కడ 1983 నుంచి బొగ్గు కాల్చి కరెంటు తీస్తున్నారు. బొగ్గులో కొద్దిగా పైరైట్ ఉంటుంది. అది ఇనుమూ, గంధకమూ కలిసినది, సూదంటురాయికి అంటుకోదు. మంటలో పడగానే గంధకం వాయువై పోతుంది. మిగిలిన ఇనుము ప్రాణవాయువుతో కలిసి మాగ్నటైట్ అవుతుంది! బూడిదలోని ఈ రేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే పూసల్లాగా గుండ్రంగా ఉంటాయి. కొండరాతి రేణువులకు మూలలుంటాయి. ఏది కొండనుంచి వచ్చిందో, ఏది పొగగొట్టం నుంచి వచ్చిందో శాస్త్రజ్ఞులు ఇలాగే పోల్చుకుంటారు.

ఇక నదితోపాటు దిగువకు పోదాం. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలై సముద్రంలో కలుస్తుంది. కోరంగి మడ అడవులలో ఒండ్రు బురద పేరుకుంటుంది. బురద లోతున ప్రాణవాయువు ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు ఉప్పునీటిలోని గంధకపు లవణాలతో బతుకుతూ, కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే వాయువును వదులుతాయి. ఆ వాయువు మాగ్నటైట్‌ను కొంచెం కొంచెంగా తినివేసి పైరైట్‌గా మారుస్తుంది. రామగుండం మంట క్షణంలో చేసిన పనిని, ఈ బురద ఏళ్ళ తరబడి కూర్చుని తిరగదిప్పుతుందన్న మాట!

అందుకే లోతు బురదలో సూదంటురాయికి ఏమీ అంటకపోయినా, గోదావరి అక్కడికి ఇనుము తేలేదని శాస్త్రజ్ఞులు అనరు. ముందు పైరైట్ ఎంత ఉన్నదో వెతుకుతారు.