సంసారం – ఒక మాట

కార్వేటినగరంలో మా పెద్దమ్మ ఇంటికి తిరుత్తణి నుంచి ఒక చుట్టం వచ్చేవాడు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినా చుట్టరికాలు సరిహద్దుకి ఇటూ అటూ అట్లాగే ఉండిపోయాయి. ఒకసారి ఆయన తన వెంట వచ్చినామెను చూపించి ‘ఈమె నా సంసారం’ అన్నాడు. సెలవులకి వెళ్ళిన నేనొక్కదాన్నే నవ్వాను. ఆ ఊరి పిల్లలకి తమిళం తెలుసు. తమిళంలో సంసారం అంటే భార్య.

సంస్కృతంలో సంసారం అంటే పుట్టి, చచ్చి, మళ్ళీ పుట్టే ఈ లోకయాత్ర అంతా. తెలుగులో అది కుటుంబమైంది. తమిళంలో భార్య అయింది. భాషాశాస్త్రం దీన్ని అర్థసంకోచం అంటుంది. లోకం బరువంతా కుదించుకుంటూ వచ్చి ఒక ఆడమనిషి నెత్తిన పెట్టడానికి ఇంత శాస్త్రీయమైన పేరుందని ఎం.ఏ.లో చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు.

తెలుగులో ఇంకో మెలిక ఉంది. ‘సంసారి’ అంటే గౌరవమైన ఇల్లాలు. ఆ గౌరవం నిలబడాలంటే ఎదురుగా ఒక ‘సాని’ ఉండాలి. సారంగపాణి ఈ కార్వేటినగరం వేణుగోపాలుడి ముద్రతోనే పదాలు రాశాడు. వాటిలో ఆడవాళ్ళు వాడుకభాషలో, గడుసుగా మాట్లాడతారు. అట్లాంటి పదాలను పాడి, ఆడి కాపాడిన స్త్రీలు సంసారుల లెక్కలోకి రాలేదు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. పదాలు మాత్రం కచేరీల్లో మిగిలాయి. నోరున్న ఆమెకి గౌరవం లేదు, గౌరవమున్న ఆమెకి నోరు లేదు.

మా పెద్దమ్మ సంసారి. ఆమె మోచేతి మీద కమిలిన మచ్చ చూసి అడిగితే, ‘సంసారం గుట్టు, రోగం రట్టు పాపా’ అని కొంగు కప్పుకుంది.

పరిశోధన చేసే రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఉన్న మలయాళీ అమ్మాయి ఒక రాత్రి నా మొహం చూసి ‘సంసారిక్కాం’ అంది. మాట్లాడుకుందాం అని. మలయాళంలో సంసారం అంటే మాట్లాడటం. మనం గుట్టుగా దాచుకోమనేది వాళ్ళకి నోరు విప్పడం!

అప్పట్నుంచి ఇట్లాంటి మాటలు పోగు చేస్తున్నాను. ఇంగ్లీషులో గిఫ్ట్ కానుక. జర్మన్‌లో అదే మాటకి అర్థం విషం. స్వీడిష్‌లో విషమూ అదే, పెళ్ళయిన మనిషీ అదే. అన్నిటికీ మూలం ‘ఇవ్వడం’. ఇచ్చిన పిల్ల కాబట్టి పెళ్ళయిన పిల్ల. ఎక్కడో చలిదేశాల సంగతని నవ్వుకోబోయి ఆగిపోయాను. మనం మాత్రం ‘పిల్లనెక్కడికిచ్చారు?’ అనే కదా అడుగుతాం. మా పెద్దమ్మని కార్వేటినగరానికిచ్చారు.

డాక్టరేటు వచ్చాక ఆమెను చూడబోయాను. పెదనాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఏం చదివినావు పాపా అంటే, నా థీసిస్ గురించి చెప్పడం చేతగాక, ఈ మలయాళం మాట చెప్పాను. చింతపండు గింజలు తీస్తున్న చెయ్యి ఆగింది.

‘ఆడ సంసారం అంటే మాట్లాడుకోవడమా? అట్లయితే నేను నలభై ఏండ్లలో ఒకనాడన్నా సంసారం చెయ్యలేదు పాపా’ అంది.

ఆ రాత్రి అరుగు మీద కూచుని చాలాసేపు మాట్లాడింది. నేను ఏ మాటకీ అర్థం అడగలేదు.