ముస్తఫా ఆట

ఊరికి పేరు పెట్టేవారు పెద్దలు. ఆటకు పేరు పెట్టేవారు పిల్లలు. కోతికొమ్మచ్చి, ఏడు పెంకులాట, వామనగుంటలు అనే పేర్లను ఏ సంఘమూ సమావేశమై తీర్మానించలేదు. అవి ఆడినవారి నోళ్ళలో పుట్టి, ఆడినవారి నోళ్ళలోనే నిలిచాయి. అయితే, ఒక విదేశీ కంపెనీ తయారుచేసి, పేరు పెట్టి, ముద్ర వేసి పంపిన ఆటకు సైతం మన పిల్లలు తమకు నచ్చిన పేరే పెట్టుకొని, దానినే శాశ్వతం చేశారంటే అది ఆలోచించదగిన విషయం. నేను చెప్పబోయేది 'ముస్తఫా ఆట'ను గురించి.

1990ల దశకంలో మన దేశంలోని అనేక పట్టణాలలో వలెనే మా తిరుపతిలోనూ వీడియో గేముల కొట్లు వెలిశాయి. ఇరుకు గది, నిలువెత్తు పెట్టెలు, ఒక్కొక్క పెట్టెలో ఒక తెర, దాని ముందు ఒక పిడి, కొన్ని బొత్తాములు. నాణెం వేస్తే ఆట మొదలు. మా ఈడు పిల్లలకు ఆ గది ఒక రెండవ పాఠశాల. అన్నిటికంటె ఎక్కువమంది మూగే పెట్టె ఒకటి ఉండేది. దాని అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. ఆ పేరుతో దానిని పిలిచినవానిని నేనెన్నడూ చూడలేదు. అందరికీ అది 'ముస్తఫా'.

ఈ ఆట వెనుక కథ చాలా దూరం నుండి వచ్చింది. అమెరికాలో మార్క్ షుల్ట్స్ అనే చిత్రకారుడు 1980ల దశకం ద్వితీయార్ధంలో 'జెనోజోయిక్ టేల్స్' అనే బొమ్మల కథను ఆరంభించాడు. ప్రకృతి ప్రళయానికి వెరచి భూగర్భంలో దాగిన మానవులు కొన్ని వందల ఏండ్ల తరువాత పైకి వచ్చి చూస్తే, భూమి అంతా రాక్షసబల్లులతో నిండి ఉంటుంది. పాత క్యాడిలాక్ కార్లను బాగుచేసే జాక్ టెన్రెక్ ఈ కథకు నాయకుడు. ముస్తఫా కైరో అతని మిత్రుడు, యంత్రాల పని తెలిసినవాడు. 1993లో జపాను దేశంలోని ఒసాకా నగరానికి చెందిన కాప్‌కామ్ సంస్థ దీనిని ఆటగా మలిచింది. అదే ఏడు అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ దీనిని బొమ్మల ధారావాహికగా ప్రసారం చేసింది. పదమూడు భాగాలతోనే అది ముగిసిపోయింది. ఆ ధారావాహిక నిర్మాతలలో ఒకడైన స్టీవెన్ డి సౌజా మరుసటి ఏడు 'స్ట్రీట్ ఫైటర్' అనే చలనచిత్రానికి దర్శకత్వం వహించాడు. ఆ చిత్రానికి మూలమైన ఆట కూడా కాప్‌కామ్ వారిదే.

'స్ట్రీట్ ఫైటర్' పేరు చెప్పగానే ఆ ఆటకు సంబంధించిన రెండు సంగతులు చెప్పక తప్పదు. 1991లో దాని రెండవ భాగం తయారవుతున్నప్పుడు, కారును పగులగొట్టే ఘట్టాన్ని పరీక్షిస్తున్న నిర్మాత ఫునామిజుకు ఒక విచిత్రం కనిపించింది. సరియైన క్షణంలో బొత్తాము నొక్కితే ఒక దెబ్బ ముగియకముందే మరొక దెబ్బ పడుతున్నది. ఇది తలపెట్టి చేసినది కాదు. ఎవరికీ అంత సులువుగా అందదనుకొని దానిని అట్లే ఉంచారు. ఆటగాళ్ళు దానిని కనిపెట్టి సాధన చేశారు. నేడు వరుస దెబ్బలు లేని పోరాటపు ఆట అరుదు.

రెండవది పేర్ల సంగతి. జపానులో ఆ ఆటలోని ముష్టియోధుని పేరు ఎం. బైసన్. అతని రూపమూ పేరూ సుప్రసిద్ధ ముష్టియోధుడు మైక్ టైసన్‌ను తలపిస్తాయి. విదేశాలలో దావా పడుతుందేమోనని శంకించి ముగ్గురు ప్రతినాయకుల పేర్లను చక్రం తిప్పినట్లు తిప్పారు. ముష్టియోధుడు బాల్‌రాగ్ అయినాడు. ముసుగు వేసిన స్పెయిన్ వీరుడు వేగా అయినాడు. నియంత బైసన్ అయినాడు. 1994లో గిసబురో సుగీ దర్శకత్వంలో యానిమే చిత్రం వచ్చినప్పుడు కూడా జపాను భాషలో ఒక పేరు, ఆంగ్ల అనువాదంలో మరొక పేరు! పెట్టినవారే తమ పేర్లను నిలుపుకోలేకపోయారు.

అదే ఆటలో మన దేశం పేరిట నిలిచిన వీరుడు ధాల్సిమ్. మెడలో పుర్రెల దండ, రబ్బరు వలె సాగే కాలుసేతులు, నోటినుండి నిప్పు. 1995 నాటి యానిమే ధారావాహికలో ర్యూ, కెన్ అనే యువకులు మన దేశానికి వచ్చి అతనిని కలుసుకొంటారు. వారు అతనికి గౌరవమే ఇచ్చారు. అయినా అద్దంలో చూచుకొన్నట్లు అతనిలో తనను చూచుకొన్న బాలుడు మా కొట్టులో ఒక్కడూ లేడు. ముస్తఫా విషయం వేరు. అతడు చేత పనిగలవాడు. ఆటలో అందరికంటె వేగంగా పరుగెత్తేవాడు. ఎగిరి తన్నితే ఎదుటివాడు తెర అంచున పడవలసిందే.

ఆ ఆటను ఒకేసారి ముగ్గురు ఆడవచ్చు. కాని ఒకరు ఎన్నుకొన్న వీరుని మరొకరు ఎన్నుకోరాదు. కనుక నాణెం పడకముందే తగవు. "రేయ్, ఈతూరి ముస్తఫా నాకు!" అని కేకలు. ఆ కేకలు వేసేవారిలో తిరుమల కొండకు పూలు కట్టే ఇంటి పిల్లలు, మఠం వీధి పిల్లలు, మా వీధి పిల్లలు అందరూ ఉండేవారు. నా మనసుకు హత్తుకొన్నది ఇదే. పాఠశాలలో హాజరు పిలిచేటప్పుడు మా ఉర్దూ పేర్లు నోరు తిరగక ముక్కలయ్యేవి. వెనుక బల్లలనుండి నవ్వులు వినిపించేవి. ఆ కొట్టులో మాత్రం మా పేర్లలో ఒకటి ఏ నోటా తప్పు పడలేదు. దాని కోసం పోటీ పడ్డారు, నాణెములు కూడబెట్టారు. ఎవరూ వారికి మతసామరస్యం బోధించలేదు. వారూ ఎవరికీ బోధించలేదు. 1996లో 'ప్రేమదేశం' చిత్రంలో ఎ. ఆర్. రహ్మాన్ స్వరపరచిన స్నేహగీతం అదే పేరుతో మొదలుకావడంతో ఆ పేరు మాకు మరింత ఇంపైంది.

ముస్తఫా అనే అరబ్బీ పదానికి 'ఎన్నుకోబడినవాడు' అని అర్థం. మహాప్రవక్తకు గల పవిత్రనామాలలో అది ఒకటి. బొమ్మల కథలో పక్కన నిలిచిన మిత్రుడిని, టెలివిజన్‌లో అంతగా గుర్తింపు లేని పాత్రను, మన పిల్లలు నలుగురిలోనుండి ఎన్నుకొన్నారు. ఆటకే అతని పేరు పెట్టారు. తిరుపతిలోనే కాదు, దేశమంతటా ఆ పేరే నిలిచింది. షుల్ట్స్ ఆ పేరు పెట్టినప్పుడు గాని, ఒసాకాలోని కళాకారులు అతని పరుగును తీర్చిదిద్దినప్పుడు గాని, ఇట్లా జరుగుతుందని ఊహించి ఉండరు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు కంప్యూటర్ విద్య అభ్యసిస్తున్నారు. రేపు ఆటలను, బొమ్మల చిత్రాలను మీరే తయారుచేయవచ్చు. మనవాడని చెప్పడానికి పుర్రెల దండ అక్కరలేదని, చేతిలో ఒక పానా ఉన్నా చాలునని గుర్తుంచుకోండి. పేరు పెట్టడం మీ చేతిలో పని. దానిని నిలబెట్టడం మాత్రం నాణెం పట్టుకొని వరుసలో నిలుచున్న పిల్లవాని చేతిలో ఉంది.