పాటతో పాటు పాడినవారు

జానపద గేయం కాగితంపై పుట్టదు. ఒక కంఠంలో పుట్టి, మరొక చెవిలో నిలిచి, ఇంకొక కంఠానికి సంక్రమిస్తుంది. పాడేవారు గతించి, నేర్చినవారు లేకుంటే పాట కూడా గతిస్తుంది. ఈ విషయం తలపునకు వచ్చినప్పుడల్లా మేము ఇంగ్లండు దేశపు గేయ సేకర్తలను స్మరిస్తుంటాము.

యంత్రపరిశ్రమలు ప్రబలి పల్లెజనం పట్టణాలకు తరలిపోయిన కాలంలో, 1898లో లండనులో జానపద గేయ సంఘం ఏర్పడింది. 1903లో సోమర్సెట్ ప్రాంతంలోని హాంబ్రిడ్జి గ్రామంలో ఒక తోటమాలి పాడుకొంటున్న పాట సంగీతోపాధ్యాయుడైన సెసిల్ షార్ప్ చెవిని పడింది. ఆయన వెంటనే దాని స్వరాలు వ్రాసుకొన్నాడు. 1924లో మరణించేనాటికి ఆయన సేకరించిన బాణీలు సుమారు 5,000. 1906లో పెర్సీ గ్రెయింజర్ లింకన్‌షైరు గ్రామీణుల పాటలను ఫోనోగ్రాఫు యంత్రంపై, మైనపు గొట్టాలలో భద్రపరచాడు. నాటి వృద్ధ గాయకుడు జోసెఫ్ టేలర్ కంఠాన్ని మనం నేటికీ వినవచ్చును.

అయితే మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది వేరొక సంగతి. ఆనాటి మర్యాదకు సరిపడవని తోచిన శృంగార పదాలను షార్ప్ అచ్చు పుస్తకాలలో మార్చి ప్రకటించాడు. కాని తన వ్రాతప్రతులలో విన్నది విన్నట్లే ఉంచాడు. పాడినవారి పేరు, ఊరు, తేదీ కూడ నమోదు చేశాడు. ఆ తోటమాలి పేరు జాన్ ఇంగ్లండ్ అని మనకు తెలియడం ఆ శ్రద్ధా ఫలమే. అచ్చులో జరిగిన మార్పును సరిచూచుకొనడానికి ఆ వ్రాతప్రతులే నేటికీ ఆధారం.

తెలుగునాట ఆచార్య బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాలపై పరిశోధించి మనకు బాట వేశారు. ఐనా మిగిలిన పని కొండంత. మా ఇంటి పెండ్లిళ్లలో ఢోలక్ ముందు కూర్చుండి మా నానీ పాడిన దక్కనీ పాటలలో మాకు నేడు పల్లవులే మిగిలినవి. చరణాలు ఆమెతోనే వెళ్లిపోయినవి.

విద్యార్థులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం వెంట ఉంచుకొనండి. దాదీ పాడే ఢోలక్ గీతమైనా, పీర్ల పండుగనాడు ఊరివారు పాడే తెలుగు పాటయైనా, ఉర్దూ లిపిలోనో తెలుగు లిపిలోనో విన్నది విన్నట్లు వ్రాయండి. మాట మోటుగా ఉన్నదని దిద్దకండి. పాట క్రింద పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక చేర్చండి. పాటను ఇన్నాళ్లు బ్రతికించినవారు వారే.